లోపలి కంప్యూటర్‌కి అప్పగించిన పెట్టె

చెవి మిషన్లు అమరుస్తూనే తల నెరిసిన మనిషి కాబట్టి, అందరూ ఆయన్ని చెవుల మాస్టారు అంటారు. నిజానికి ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. వచ్చినవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "గిన్నెల చప్పుడు గుచ్చుకుంటోందా? పిల్లల మాట అందుతోందా?" అని అడిగి అడిగి, వాళ్ల చెవికి తగ్గట్టు మిషన్లో శబ్దాలు సరిచేస్తాడు. ఈ పనిలో ఆయనకున్న ఓపిక ఎవరికీ లేదు. మిగతా పనుల్లో ఆయనకున్న తొందరా ఎవరికీ లేదు.

ఇంట్లో ఆవిడకి ఒక చెవి బొత్తిగా వినబడదు. రెండోది మిషన్ పెడితేనే. ఆ మిషన్ పాతది, కంపెనీవాళ్లు ఆ రకం చేయడం మానేశారు. కొత్తది తెచ్చి పెడితే రెండు రోజులు భరించి, "మీరు రేకు డబ్బాలో తలపెట్టి మాట్లాడుతున్నట్టుందండీ. నా పాతది నాకిచ్చేయండి" అని తీసి చేతిలో పెట్టేసింది. మాస్టారు పైకి చిరాకుపడ్డాడు గానీ, ఇన్నేళ్లుగా తను చేసిన అమరికే ఆవిడకి నచ్చిందని లోలోపల మురిసిపోయాడు.

ఈమధ్య ఆవిడకి వినికిడి ఇంకాస్త తగ్గింది. మిషన్ మళ్లీ సరిచేయాలి. దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప నడవనంటుంది. పాత విండోస్ ఉన్న కంప్యూటరేమో కాలం చేసింది. అప్పుడు కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసే కోడలు వచ్చి, కొత్త కంప్యూటర్లోనే వర్చువల్ మెషీన్ ఒకటి పెట్టింది.

"కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉందనుకోండి మావయ్యా. మీ పాత విండోస్ అందులో ఉంటుంది. చెవి మిషన్ని కంప్యూటర్‌కి కలిపే మీ యూఎస్‌బీ పెట్టెని బయటిదానికి గుచ్చి, లోపలిదానికి అప్పగించాలి. ఈ మెనూలో దాని పేరు మీద టిక్ పెడితే చాలు. ఒకసారికి ఒకళ్ల దగ్గరే ఉంటుంది సుమా! లోపలికి వెళ్తే ఇక బయటిదానికి కనబడదు."

"అర్థమైందిలే అమ్మా" అన్నాడు మాస్టారు, సగమే వింటూ. ఊళ్లోవాళ్ల చెవులన్నీ ఆయనకి కావాలి, తన చెవులతో మాత్రం పనిలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మిషన్ తీసిచ్చి, కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటోంది. మాస్టారు పెట్టెను గుచ్చి మెనూ తెరిచాడు. అందులో పెట్టె పేరేదో పోల్చుకోలేకపోయాడు. అన్నీ ఇచ్చేస్తే గొడవే ఉండదనుకుని వరసగా టిక్కులు పెట్టేశాడు. కీబోర్డుకీ పెట్టాడు, చివరికి మౌస్‌కీ పెట్టాడు. లోపలి విండోస్ ఇంకా కళ్లు నులుముకుంటోంది. బయట బాణం గుర్తు ఉన్నచోటే కొయ్యబారిపోయింది. ఎంత కదిపినా కదలదు.

ఫోన్లో కోడలు పగలబడి నవ్వింది. "అన్నీ దానం చేసేశారా మావయ్యా! మౌస్, కీబోర్డు వైర్లు పీకి మళ్లీ గుచ్చండి, బయటికి వచ్చేస్తాయి. పెట్టె ఒక్కటే లోపలికి ఇవ్వండి."

ఆయనా నవ్వుకుని అలాగే చేశాడు. ఈసారి సాఫ్ట్‌వేర్ పెట్టెను గుర్తుపట్టింది. శబ్దాలన్నీ తీరిగ్గా సరిచేసి, మిషన్లోకి ఎక్కించే బటన్ నొక్కాడు. ఎంత ఎక్కిందో చూపే గీత సగం నిండిందో లేదో టింగుమంది. పెట్టె కనబడటం లేదని తెరమీద రాసి వచ్చింది. మిషన్ తీసి తన చెవిలో పెట్టుకున్నాడు. చప్పుడు లేదు. పాత అమరిక చెరిగిపోయింది, కొత్తది ఎక్కలేదు. ఇలా సగంలో ఆగినవాటిని ఆయన చూశాడు. కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు.

"అయిందాండీ?" అంది ఆవిడ, తల ఎత్తి.

ఆవిడకి ఏమీ వినబడదని తెలిసీ "అయిపోవచ్చింది" అన్నాడు, చెయ్యి ఊపి, మొహం నిండా నవ్వు పులుముకుని. ఆవిడ నిశ్చింతగా మళ్లీ బఠాణీల్లో పడింది. ఆ నిశ్చింత చూస్తే ఆయనకి మరీ భయమేసింది.

"అమ్మా, మీ అత్తయ్య చెవి పోగొట్టేశాను" అన్నాడు ఫోన్లో.

సంగతంతా విని కోడలు, "తప్పు నాది మావయ్యా" అంది. "ఎక్కించేటప్పుడు ఆ పెట్టె తనంతట తనే ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుందన్నమాట. అంటే కొత్తగా గుచ్చినట్టే లెక్క, బయటి కంప్యూటర్ లాగేసుకుంది. ఎప్పుడొచ్చినా లోపలికే పంపమని ఫిల్టర్ పెట్టాల్సింది, నేను మర్చిపోయాను. సెట్టింగుల్లోకి వెళ్లండి, చెబుతాను."

ఈసారి మాస్టారు ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు. ఒక్కో మాటా పైకి చదివి, ఆమె ఊఁ అన్నాకే నొక్కాడు. ఫిల్టర్ కుదిరింది.

"మరి మిషన్ లేస్తుందంటావా?"

"అది మీకే తెలియాలి మావయ్యా."

ఆయనకీ తెలియదు. బటన్ నొక్కాడు. సగానికి రాగానే మళ్లీ టింగుమంది. పెట్టె పోయింది, వచ్చింది, ఈసారి లోపలికే వచ్చింది. గీత మెల్లగా చివరిదాకా పాకింది.

వెళ్లి ఆవిడ చెవిలో మిషన్ పెట్టి, ఆవిడ వెనకవైపుకి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి ఆవిడ మాట పట్టేస్తుంది. గొంతు సవరించుకుని, "బయట ఎండ మండిపోతోంది" అన్నాడు మామూలుగా.

ఒలుస్తున్న చెయ్యి ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూసింది.

"గొంతెందుకండీ అలా వణుకుతోంది?"

ఇంతసేపూ మొహాన్నే దాచుకున్నాడు మాస్టారు, గొంతు సంగతి తోచనేలేదు. "అబ్బే, ఏం లేదే" అన్నాడు.

"అబద్ధం కూడా ఎంత బాగా వినబడుతోందో" అని, ఆవిడ జరిగి పక్కన చోటిచ్చింది.