సుబ్రమణ్యం నేసిన చివరి మూర

పడుగు పోగుల మధ్యలో ఆగిపోయిన, పేకను మోసే నాడెను మునిరత్నమ్మ రెండు వేళ్లతో మెల్లగా బయటికి తీసింది. దాన్ని అక్కడ వదిలింది ఆమె మొగుడు సుబ్రమణ్యం. నేస్తూ నేస్తూనే గుండె ఆగి మగ్గం గుంటలో పక్కకు ఒరిగిపోయాడు. ఆ తర్వాత ఎవరూ మగ్గాన్ని ముట్టుకోలేదు. నాడెలోని కండెకు ఇంకా సగం పట్టు చుట్టి ఉంది, పోగు తెగలేదు. ఆమె కుచ్చిళ్లు పైకి దోపుకుని, గుంటలోకి కాళ్లు దించి, పేకను బిగించే పలక పట్టుకుంది.

దినాలు ఇంకా కాలేదు. చావు జరిగిన ఇంట్లో మగ్గం చప్పుడు వినబడితే మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఏ వీధీ ఊరుకోదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ షావుకారు గుమాస్తా మునిచంద్ర ముందురోజే వచ్చి, చెప్పులైనా విప్పకుండా గడప దగ్గర నిలబడి చెప్పిపోయాడు. మగ్గం మీదున్నది కుప్పంలో ఒక పెళ్లికూతురి చీర. ముహూర్తానికి అందకపోతే నేసినకాడికి కోసుకుని, మిగిలిన పడుగు వేరే మగ్గానికి ఇచ్చేస్తారు. ఇక ఈ ఇంటికి పట్టు రాదు. మచ్చ లేకుండా అందిస్తే మాత్రం తర్వాతి పడుగు ఆమెకే ఇస్తారు.

మగ్గం పోతే ఆమెకు మిగిలేది పుంగనూరులో అన్న శివకుమార్ ఇల్లు. శవం లేచిన సాయంత్రమే అతను, మా ఇంట్లో ఒక గది ఉండాదిలే అన్నాడు. అంటున్నప్పుడు పక్కనే ఉన్న భార్య మొహం వైపు చూడలేదు. ఆ గదికి అద్దె వదిన కింద చాకిరీ రూపంలో కట్టాలని రత్నమ్మకు తెలుసు.

పలకరించడానికి వచ్చినవాళ్లు తలా ఒక మాట చెప్పారు. మంచాన పడకుండా పోయాడు, అదృష్టవంతుడన్నారు. ఏడవకపోతే గుండెలో గడ్డ కడుతుందన్నారు. ఎదురింటి పూలమ్మ కలకడలో చనిపోయిన తన బావ కథ మొదటినుంచి చెప్పి, ఇదేం లెక్క అన్నట్టు ముగించింది. మగ్గం చప్పుడు మొదలయ్యాక ఆ పూలమ్మే వీధిలో అన్న మాట కిటికీ గుండా లోపలికి వచ్చింది.

"కండ్లల్లో తడి లేదు గానీ సేతులు బాగా ఆడతాండాయి."

రత్నమ్మ జానెడు నేసి, లేచి, గుడ్డను వెలుగుకు చూసింది. అడ్డంగా ఒక చార కనిపించింది. ఒకరి పలక దెబ్బ ఆగినచోట ఇంకొకరి దెబ్బ మొదలైతే అట్లా చార పడుతుంది. తన చెయ్యి బరువనుకుని, నేసింది విప్పి, తేలిగ్గా కొట్టి మళ్లీ నేసింది. చార పోలేదు. అప్పుడు చుట్టిన చీరను కొంచెం వెనక్కి విప్పి గోటితో రాసి చూసింది. తన నేత బిగువుగానే ఉంది. సుబ్రమణ్యం మొదట నేసిందీ బిగువే. మధ్యలో అతను చివరగా నేసిన మూరెడే వదులు. పోనుపోను ఆ వదులు పెరిగి, చివరి నాలుగు వేళ్ల మేర జల్లెడలా ఉంది.

అది ఒక్క పూటలో నేసింది కాదు. భుజం లాగుతోందని అతను అన్న రోజులన్నీ అందులో ఉన్నాయి. గ్యాస్ అనుకుని సోడా తాగేవాడు.

ఆమె విప్పడానికి సూది తీసుకోగానే అత్త రాములమ్మ వచ్చి మణికట్టు పట్టుకుంది.

"నా కొడుకు కడాకు నేసింది అదే. ఇప్పితే సెయ్యి ఇరిసేస్తా."

"ఇప్పకపోతే మగ్గం పోతాది అత్తా. ఎంత వదులుండాదో నువ్వే సూడు."

రాములమ్మ కూడా నేసిన మనిషే. వేళ్లు గుడ్డ మీద పెట్టగానే తెలిసిపోయింది. చాలాసేపు ఆ వేళ్లు తియ్యలేదు.

"పక్కనే కూకోని కండెలు సుడతా ఉంటివే. దెబ్బ మెత్తబడేది నీ సెవులకు ఇనబడలేదా?"

నేతింటి ఆడవాళ్లు వంటింట్లో ఉన్నా పలక చప్పుడుతోనే మగవాడి అలసట కనిపెడతారు. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"నువ్వు యాడుండావు అత్తా? వాకిట్లోనే కదా. నీకు ఇనబడిందా?"

రాములమ్మ చెయ్యి వదిలేసింది.

మూరెడు మేర పట్టు పేకను పడుగు చెదరకుండా విప్పాలంటే ఇద్దరు కావాలి. ఒకరు కాలితో తొక్కి పడుగు పోగులు విడదియ్యాలి, ఒకరు పేక లాగాలి. ఎవరూ పిలవకుండానే రాములమ్మ అవతల పక్క కూర్చుంది. కోడలు తొక్కింది, అత్త లాగింది. లాగిన ప్రతి పోగుకూ ఒక తిట్టు. కాలు పెట్టిన వేళ మంచిది కాదంది, సంగటి కెలకడం కూడా చేతకాదంది, మొగుణ్ణి మింగిందంది. రత్నమ్మ దేనికీ ఊరుకోలేదు. పూలమ్మ సర్దిచెప్పడానికి గడప దాకా వచ్చింది.

"పో పూలమ్మా, పని ఉండాది," అంది రాములమ్మ తల తిప్పకుండా.

ముసలామె తిట్టు మధ్యలో ఆగినప్పుడల్లా రత్నమ్మ తొక్కడం ఆపేది. మళ్లీ తిట్టు వినబడ్డాకే కాలు కదిపేది. చివరికి ఇద్దరూ రత్నమ్మ నేసిన జానెడుతో పాటు ఆ మూరెడు గుడ్డనూ పోగులుగా చేశారు. నలిగిన పట్టు మళ్లీ కండెకు పనికిరాదు. రాములమ్మ దాన్ని ఉండచుట్టి, ఎవరి చేతికీ ఇవ్వకుండా పొయ్యిలో వేసింది. ఇల్లంతా వెంట్రుకలు కాలిన వాసన వేసింది. ఆ పూట ఇద్దరూ తినలేదు.

తర్వాత చీర అయ్యేదాకా రాములమ్మ వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. కాస్త దెబ్బ తగ్గితే చాలు, "మెత్తబడతాంది," అని లోపలికి అరిచేది. రత్నమ్మ లేచి, నీళ్లు తాగి, మళ్లీ గుంటలో కూర్చునేది.

దినాలు అయిన మర్నాడు మునిచంద్ర వచ్చాడు. చీరను వాకిట్లో వెలుగుకు పట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. చార ఎక్కడా లేదు. కొత్త పడుగు పంపిస్తామన్నాడు. రత్నమ్మ చీర మడిచి అందించబోతే అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఏమనుకోవద్దక్కా. పెండ్లి సీర. ముత్తైదు సేత్తో ఇప్పించు."

రత్నమ్మ అత్త వైపు చూసింది. ఆ ఇంట్లో అలాంటి చెయ్యి లేదు. రాములమ్మే వీధిలోకి వెళ్లి పూలమ్మను పిలుచుకొచ్చింది. పూలమ్మ చేతులు కడుక్కుని, చాప మీద రత్నమ్మ పెట్టిన చీరను తీసి, కొసకు కుంకుమ అద్ది, మునిచంద్ర చేతుల్లో పెట్టింది. అతను దాన్ని కవర్లో చుట్టుకుని బండెక్కాడు.