చివరి పేరు చుట్టూ సున్నా

చెక్ దేశపు దక్షిణ మొరావియాలో పండగ బట్టలకు గంజి పెట్టి ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు ఇంకా కొందరున్నారు. అయితే హ్రుష్కోవ్ ఊళ్ళో ఉండే ద్రాహా కుబీచ్కోవా చేతిపని వేరు. జాతర రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ పడుచులు తెల్లారగానే ఆమె వంటింట్లో వరసగా నిలబడేవారు. గుమ్మడికాయల్లా ఉబ్బిన బుట్టచేతులను ఆ పిల్లల ఒంటిమీదే ఆమె కుట్టేది. "ఊపిరి బిగపట్టు. పొద్దున తిన్న తీపి కొలాచె రొట్టెలు ఇప్పుడు తెలుస్తున్నాయి కదూ" అని నడుముకు రిబ్బను బిగించేది. ఆ పిల్లల తల్లులకూ ఒకప్పుడు ఆమే కట్టింది. అందుకే ఏ ఊరు వెళ్ళినా ఆమెకు తలుపు తెరిచే ఇల్లు ఒకటుండేది.

భర్త ఓల్డ్రిచ్ కుబీచెక్; అక్కడ ఆ ఇంటిపేరే ఆడవాళ్ళకు కుబీచ్కోవా అవుతుంది. అందరికీ ఓల్డా. బడిలో భూగోళం చెప్పేవాడు, ఊరి బ్యాండులో బూర ఊదేవాడు. కమ్యూనిస్టులు దిగిపోయిన ఏడాది నలుగురు స్నేహితుల్ని వైన్ కొట్లో కూర్చోబెట్టి పార్టీ శాఖ పెట్టాడు. "యూరప్‌లోనే ఉందాం. కానీ మన పొయ్యిమీద ఏం ఉడకాలో బ్రస్సెల్స్ వాళ్ళు చెప్పక్కర్లేదు." ఆయన రాజకీయమంతా ఇంతే. తర్వాత ఎన్నాళ్ళకో ఇలాంటి పార్టీలన్నీ దేశదేశాల నుంచి వచ్చి ఒక కూటమిగా కలిశాయి. పోలండు వాళ్ళు, లాత్వియా వాళ్ళు, ఇటలీ వాళ్ళు అందరూ చేరారు. ఇంట్లో పెళ్ళి కుదిరినంత సంబరపడ్డాడు ఓల్డా. గోడమీది పటంలో ఆ దేశాలన్నిటికీ పచ్చ పెన్సిలుతో రంగు వేశాడు.

ఆయన దగ్గర చదువుకున్నవాడే రాదిమ్. ట్రాక్టరు డ్రైవరు కొడుకు. బడి అయ్యాక ద్రాహా వంటింట్లోనే పుస్తకాలు పరుచుకునేవాడు. ఆమె వడ్డించిన బంగాళాదుంపల సూపు తాగి, గిన్నె రొట్టెతో తుడుచుకు తినేవాడు. ఓల్డాయే అతన్ని మొదటి సభకు తీసుకువెళ్ళాడు. బ్రనోలో లా చదవడానికి వెళ్తుంటే తన కోటు ఇచ్చాడు. ద్రాహా ఆ కోటు భుజాలు తగ్గించి కుట్టింది.

యూరప్ పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. పార్టీ జాబితాలో మొదటి పేరు ఓల్డాది పెడదామని జిల్లాలో దాదాపు ఖాయమైంది. సరిగ్గా అప్పుడే వారపత్రికలో ఒక వార్త వచ్చింది. కమ్యూనిస్టుల కాలంలో ఓల్డ్రిచ్ కుబీచెక్ రహస్య పోలీసులకు తోటి టీచర్ల గురించి చెప్పేవాడట. ఎవరు చెప్పారో రాయలేదు.

ఆ సాయంత్రం ఓల్డా ఎప్పటిలాగే వైన్ కొట్లోకి వెళ్ళాడు. ఆయన కూర్చోగానే ఆ బల్ల దగ్గరున్న వాళ్ళు ఒక్కొక్కరే తమ గ్లాసులు తీసుకుని పక్క బల్లకు మారారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ అడగలేదు. ఆయన తన గ్లాసు తాగడం పూర్తిచేసి ఇంటికొచ్చి, బూరను పెట్టెలో పెట్టి మంచం కిందికి తోశాడు. జాబితాలోంచి పేరు తనే తీసేసుకున్నాడు. ఆ చోటు రాదిమ్‌కు దక్కింది. రాదిమ్ గెలిచి బ్రస్సెల్స్ వెళ్ళాడు.

కోర్టు రెండేళ్ళ తర్వాత ఆ ఆరోపణ అబద్ధమని తేల్చింది. పత్రిక దాన్ని ఎరువుల ప్రకటన కింద నాలుగు వాక్యాలుగా వేసింది. ఆ మరుసటి చలికాలం ఓల్డా ద్రాక్షతోటలో కొమ్మలు కత్తిరిస్తూ అలాగే మంచులో కూలిపోయాడు. అంత్యక్రియలకు రాదిమ్ పెద్ద పూలచక్రం పంపాడు. దాని రిబ్బను మీద కూటమి పేరు కూడా ఉంది.

ఇంకో ఏడాదికి ఆ వారపత్రిక మూతపడింది. పని పోయిన సంపాదకుడు ఒకరోజు ద్రాహా గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మీకు ఒక మాట చెప్పాలమ్మా. ఆ రోజు నాకు ఫోన్ చేసింది రాదిమ్. నమ్మకమైన కబురని చెప్పాడు. నేను విచారించలేదు."

"విచారించలేదు" అంది ద్రాహా.

"లేదు."

"సరే, వెళ్ళండి" అని తలుపు వేసింది. స్టవ్ మీద గంజి అడుగంటుతోంది. దించి, గిన్నె కడిగి, మళ్ళీ కొత్తగా కాచింది. ఆ రోజు ఇస్త్రీ చేసిన గుడ్డల్లో ఒక్కదానికీ మడత తప్పలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఊరు రెండు రోజులు చెవులు కొరుక్కుంటుంది. రాదిమ్ నవ్వి, ముసలామె దుఃఖంలో ఉంది పాపం అంటాడు. అంతటితో సరి. అంతటితో సరిపోవడం ఆమెకు ఇష్టం లేదు.

మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాక కూటమి మహాసభ బ్రనోలో జరిగింది. అప్పటికి రాదిమ్ కూటమిలో పెద్దవాళ్ళ పక్కన కుర్చీ సంపాదించాడు. వచ్చే ప్రతినిధులకు గుమ్మంలో రొట్టె, ఉప్పు ఇచ్చి స్వాగతం చెప్పడానికి పండగ బట్టల్లో ఒక పెద్దావిడ కావాలని ద్రాహాను పిలిపించాడు. ఇటలీ వాళ్ళు ఆమెతో ఫోటోలు దిగారు. పోలండు ఆయన ఒకరు వంగి చేయి ముద్దాడాడు. రాదిమ్‌కు ఆ ఫోటోలు తెగ నచ్చాయి.

"అత్తా, ఒక ఆలోచన వచ్చింది" అన్నాడు కాఫీ గ్లాసు పట్టుకుని. "జాబితాలో చివర నీ పేరు పెడదాం. సంప్రదాయం, వేర్లు అని మేం మాట్లాడుతుంటాం కదా, జనానికి కళ్ళకు కనపడాలి. నీకేం పని ఉండదులే. పేరుంటే చాలు."

"అట్టడుగునా?"

"గెలిచే చోటు కాదు మరి. ఉత్త గౌరవానికే."

"ఓల్డా ఉంటే సంతోషించేవాడు" అంది ద్రాహా.

రాదిమ్ ఆమె భుజం తట్టి, "మాస్టారు లేని లోటు ఎప్పటికీ తీరదత్తా" అన్నాడు.

ఆమె అతని కళ్ళలోకి చూసింది. అక్కడ జంకు లేదు. ఆ క్షణం దాకా ఆమె మనసులో ఏ మూలో కొంచెం దయ ఉండేదేమో. ఇక లేదు.

ఇక్కడి ఓటు పద్ధతి ఇలాంటిది. ఓటరు ఒక పార్టీ జాబితా ఎంచుకుంటాడు. ఇష్టమైతే అందులో రెండు పేర్ల చుట్టూ సున్నా చుట్టొచ్చు. తగినన్ని సున్నాలు పడ్డవాళ్ళు అట్టడుగున ఉన్నా పైకి ఎగబాకుతారు. మామూలుగా ఎవరూ ఈ శ్రమ పడరు. పార్టీకి ఈసారి ఒక్క సీటు వస్తే గొప్ప అని అందరూ అనుకుంటున్నారు. అది మొదటి పేరుదే, అంటే రాదిమ్‌దే.

ద్రాహా ముందుగా ఊరి ఫైర్ దళం నాయకుడు స్లావెక్ దగ్గరకు వెళ్ళింది. అతను షెడ్డులో నీటి గొట్టాలు ఆరబెడుతున్నాడు.

"స్లావెక్, ఆ సాయంత్రం నువ్వు నీ గ్లాసు తీసుకుని బల్ల మారావు."

ఏ సాయంత్రమని అతను అడగలేదు. "అందరూ మారారు ద్రాహా."

"అందరి దగ్గరకూ వెళ్తాను. ముందు నీ దగ్గరకొచ్చాను."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"పార్టీ జాబితాలో చివర నా పేరుంటుంది. దాని చుట్టూ సున్నా చుట్టు. రాదిమ్ పేరు ముట్టుకోకు. నువ్వు, నీ ఇంట్లోవాళ్ళు, నీ దళంలో వాళ్ళు."

"నేను ఆ పార్టీకి ఓటెయ్యనని నీకు తెలుసుగా."

"ఈసారి వేస్తావు" అంది ద్రాహా.

అతను గొట్టం చివర కొక్కేనికి తగిలించాడు. "వేస్తాను" అన్నాడు చివరికి.

అలా మొదలైంది. ఆమె సభలు పెట్టలేదు, మైకు పట్టలేదు. బస్సెక్కి ఊరూరా తిరిగింది. బుట్టచేతులు కుట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళింది. ఆమె బతిమాలలేదు. "మీ ఆయన బ్యాండులో ఓల్డా పక్కన కూర్చునేవాడు. తర్వాత కుర్చీ జరుపుకున్నాడు" అనేది. "నీ పెళ్ళిలో ఓల్డా తెల్లారేదాకా బూర ఊదాడు. మా ఇంట్లో చావు జరిగితే నువ్వు వెనక వరసలో నిలబడ్డావు" అనేది. కొందరు ఏడ్చారు. కొందరు స్లివోవిత్సా సారా పోసిచ్చారు. ఒకామె మాత్రం, "నిన్నూ నీ సున్నానూ కలిపి బావిలో వెయ్యా, ఇప్పుడొచ్చి గుచ్చుతావేం" అని కసిరింది. ద్రాహా కదలకుండా గుమ్మంలో కూర్చుంది. చివరికి ఆమే విసుగెత్తి, "సరేలే, చుడతాను, లేచి పో" అంది.

ప్రచారం ఎలా ఉందని రాదిమ్ రెండుమూడుసార్లు ఫోన్ చేశాడు. "జనం నన్ను బాగానే చూస్తున్నారు" అని చెప్పింది. అది నిజమే.

ఫలితాల రాత్రి ఆమె త్వరగా పడుకుని నిద్రపోయింది. పొద్దున్నే స్లావెక్ తలుపు కొట్టాడు. పార్టీకి ఒక్క సీటే వచ్చింది. మొరావియా ఊళ్ళలో పడ్డ సున్నాలు లెక్కపెడితే చివరి పేరు మొదటి పేరును దాటేసింది. సీటు ద్రాహాది.

మధ్యాహ్నానికి రాదిమ్ కారు వచ్చి ఆగింది. చేతిలో పూలు. రాత్రి నిద్ర లేదని మొహం చెబుతోంది, నవ్వు మాత్రం ఉంది.

"అత్తా, చంపేశావు పో" అన్నాడు కూర్చుంటూ. "బ్రస్సెల్స్‌లో అందరూ నవ్వుకుంటున్నారు. సరే, ఇప్పుడు నువ్వు తప్పుకుంటున్నానని ఒక్క సంతకం పెడితే సీటు తర్వాతి పేరుకి, అంటే నాకు వస్తుంది. నీకెందుకా తలనొప్పి? అక్కడ ఇంగ్లీషు, ఫ్రెంచి, విమానాలు. నీ వయసుకి కష్టం."

"ఓల్డా గురించి పత్రికవాళ్ళకి ఎవరు ఫోన్ చేశారు రాదిమ్?"

అతని నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. "నాకేం తెలుసు."

"సంపాదకుడు వచ్చి నాకు చెప్పాడు."

అతను పూలు బల్లమీద పెట్టాడు. తర్వాత రాదిమ్ గొంతు తగ్గించి, "అత్తా, అది రాజకీయం. అప్పుడు నేను కుర్రాణ్ణి. మాస్టారికి ఇంత దెబ్బ తగులుతుందనుకోలేదు. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను" అన్నాడు.

"నా కాళ్ళెందుకు? ఆ మాట నా వంటింట్లో చెబితే ఏం లాభం? గురువారం ఫైర్ షెడ్డు దగ్గర బ్యాండువాళ్ళు సాధన చేస్తారు. ఊరంతా వస్తుంది. అక్కడ చెప్పు."

"చెబితే సంతకం పెడతావా?"

"నువ్వు చెప్పు. తర్వాత ఆలోచిస్తాను."

రాదిమ్ గురువారం వచ్చాడు. వస్తాడని ద్రాహాకు తెలుసు. సీటు కోసం గురువునే అమ్ముకున్నవాడు, అదే సీటు కోసం తన పరువును అమ్ముకోకుండా ఉంటాడా? ఎండ ఇంకా తగ్గలేదు. వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని బ్యాండువాళ్ళు, బెంచీల మీద ఆడవాళ్ళు, గోడ దగ్గర బీరు గ్లాసులతో మగవాళ్ళు. అతను మధ్యలో నిలబడి చెప్పాడు. ఫోన్ చేసింది తానేనన్నాడు. మాస్టారు ఎవరిమీదా ఏమీ చెప్పలేదని తనకు అప్పుడే తెలుసన్నాడు. మొదటి చోటు కోసం చేశానన్నాడు. లాయరు కదా, మాటలు చక్కగా పేర్చాడు. చివర్లో గొంతు కూడా వణికింది. అది నటనో నిజమో ఎవరికీ తెలియలేదు.

ఆ మాటల బరువు రాదిమ్ ఒక్కడి మీదే పడలేదు. మగవాళ్ళు గ్లాసుల్లోకి చూసుకున్నారు.

రాదిమ్ జేబులోంచి కలం తీసి ఆమె దగ్గరకు వచ్చాడు. "చెప్పానత్తా. ఇక సంతకం పెట్టు."

"ఆలోచిస్తానన్నాను" అంది ద్రాహా. "ఆలోచించాను. పెట్టను."

"నువ్వు మాటిచ్చావు."

"ఎక్కడిచ్చాను? లాయరువి, సరిగ్గా గుర్తు తెచ్చుకో."

అతను చుట్టూ చూశాడు. ఒక్కరు కూడా అతని వైపు ఒక అడుగు వెయ్యలేదు. కలం మూత పెట్టుకుని కారు వైపు నడిచాడు. కారు తిరగడానికి చోటు సరిపోక ముందుకూ వెనక్కూ ఆడుతుంటే వెనకనుంచి ఎవరో, "ఎడమకి, ఎడమకి కొట్టు, గోడ ఉంది" అని సాయం చేశారు. ఆ ఒక్క మాటకే జనం నవ్వారు. ద్రాహా నవ్వలేదు. ఆ మొహాన్ని, మెడ మీది ఎర్రదనాన్ని, కలం పట్టుకున్న వేళ్ళను కళ్ళారా చూసింది. ఎన్నాళ్ళో ఆకలిగా ఉన్నవాళ్ళు అన్నం తిన్నట్టు చూసింది.

మర్నాడు బ్రస్సెల్స్ నుంచి కూటమి కార్యదర్శి ఫోన్ చేశాడు. పోలండాయన, మర్యాదస్థుడు, చెక్ భాష నెమ్మదిగా మాట్లాడతాడు.

"అమ్మా, కూటమికి అనుభవమున్న మనిషి కావాలి. పెద్ద మనసు చేసుకుని మరోసారి ఆలోచించండి."

"బాబూ, నాకు తెలియక అడుగుతున్నాను. మన కూటమి ఏమంటుంది? ఊళ్ళో జనం తేల్చుకున్నదాన్ని బ్రస్సెల్స్ వాళ్ళు మార్చకూడదనే కదా?"

ఆయన ఇక ఆ మాట ఎత్తకుండా, "స్ట్రాస్‌బర్గ్‌లో చలెక్కువ, పార్లమెంటుకు వచ్చేటప్పుడు మందపాటి కోటు తెచ్చుకోండి" అన్నాడు.

అయిదేళ్ళూ ఆమె వెళ్ళివచ్చింది. చెవులకు అనువాదం వినిపించే యంత్రం పెట్టుకుని, ఒకపక్క లాత్వియా ఆయన, ఇంకోపక్క ఇటలీ ఆవిడ మధ్య కూర్చుంది. వైన్ సీసాల మీద ఏం రాయాలి, సముద్రంలో చేపలు ఎన్ని పట్టాలి అనేవాటికి చెయ్యెత్తింది. మొరావియాకు సముద్రమే లేదు. చాలా రోజులు విసుగ్గానే గడిచాయి. వదిలేసి ఇంటికి పోదామనిపించినప్పుడల్లా, తను లేస్తే ఆ కుర్చీ తర్వాతి పేరుకు పోతుందని తలుచుకుని వెన్ను నిటారుగా పెట్టుకునేది. జ్వరంతో కూడా ఒక్క సమావేశం మానలేదు. రాదిమ్ బ్రనోలో ఇళ్ళ అమ్మకం పత్రాలు రాసే ఆఫీసు పెట్టుకున్నాడు. ఒకసారి ట్రాములో ఎదురుపడి, "బాగున్నావా అత్తా" అన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

ఓల్డా తిరిగిరాలేదు. అది ఆమెకు ముందే తెలుసు. పగ తీర్చుకుంటే మనసు చల్లబడుతుందా అని స్ట్రాస్‌బర్గ్‌లో ఇటలీ ఆవిడ అడిగితే, "చల్లబడటానికి చెయ్యలేదు" అని చెప్పింది.

పదవి ముగిశాక ఊరికొచ్చి మళ్ళీ గంజి కాచుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు స్లావెక్ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మేమంతా అనుకున్నాం ద్రాహా. వైన్ కొట్లో గోడమీద ఓల్డా ఫోటో పెడదామని. బూరతో ఉన్నది ఒకటుండాలి కదా, ఇస్తావా?"

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"ఇవ్వను."

"ఎందుకు? ఆయన మీద గౌరవంతోనే కదా."

"మీరు తాగుతూ తలెత్తి ఆయన్ని చూసి, మనం మంచివాళ్ళమే అనుకోవడానికి నా మొగుడి ఫోటో ఇవ్వను."

"అంతా సున్నా చుట్టాం కదా. ఇంకా ఎన్నాళ్ళు?"

"నేనున్నన్నాళ్ళు."

స్లావెక్ తల ఊపాడు. ఆమె ఇచ్చిన కాఫీ చల్లారిపోయినా చివరిదాకా తాగి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, మనవరాలికి ఈ జాతరకు బట్టలు కట్టాలి, పంపమంటావా అని అడిగాడు.

"శనివారం పొద్దున పంపు. తినకుండా రమ్మను" అంది ద్రాహా.