సందులో డబ్బాల వరుస

నాకు కోపం ఎక్కువని చిలకలగూడలో మా గల్లీ మొత్తానికి తెలుసు. నేను మా పిండి గిర్నీకి బెల్టు ఎక్కిస్తుంటే పక్కన నిలబడి సలహాలిచ్చిన వాళ్ళ గోధుమలు ఆ రోజు అందరికంటే చివర పడతాయి. అలాంటి నా ఇంటి మీదికే పక్కింటాయన కొలతల టేపు పట్టుకుని వచ్చాడు.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. మా మామగారు పోయాక ఆస్తి పంచుకున్నప్పుడు రోడ్డు వైపు గదులు మా బావగారికి వెళ్ళాయి. వెనక గదులూ, వాటిని ఆనుకున్న రేకుల షెడ్డూ, అందులోని పిండి గిర్నీ మాకు వచ్చాయి. ఇప్పుడు మా ఆయన లేడు, గిర్నీ నేనే నడుపుతున్నాను. గోధుమలకూ బియ్యానికీ ఒక మిషను, మిర్చికీ పసుపుకీ ఇంకొకటి. నా ఇంట్లోంచి రోడ్డు మీదికి పోవడానికి ఒకటే దారి, ఇంటి పక్కన షాబాదు బండలు పరిచిన సందు. చంకన డబ్బాలతో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడితే ఒకరు గోడకు ఒత్తుకోవాలి, అంతే వెడల్పు. నేను తినే అన్నం ఆ సందులోంచే ఇంట్లోకి వస్తుంది.

పక్కింటాయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మల్కాజ్‌గిరిలో అపార్ట్‌మెంటు అమ్మేసి మా పక్కనున్న పాత ఇల్లు కొనుక్కుని వచ్చాడు. ఆయన భార్య మంచి మనిషి. వచ్చిన వారానికే గోధుమల డబ్బాతో మా సందులో కనిపించింది. ఆయనతో కూడా నాకు ఏ తగాదా లేదు, ఆయన కారు కొనేదాకా. ఆ కారు వాళ్ళ వాకిట్లో పడుతుంది గానీ తలుపు తెరిస్తే మనిషి దిగలేడు. ఎండాకాలం మొదట్లో, మా ఇద్దరి మధ్య ఉన్న కాంపౌండు గోడ ఒరిగిపోయిందని చెప్పి పడగొట్టించాడు. కొత్త గోడ వస్తుంది కదా అని నేనూ సంతోషించాను. మర్నాడు చూస్తే పాత పునాది రాళ్ళు ఉన్నచోట కాదు, నా షాబాదు బండల నడుమ సున్నంతో గీత గీసి ఉంది.

"ఇదేంది సార్, లైను మా బండల మీదికి వచ్చింది?" అన్నాను.

"మీ బండలు కాదమ్మా. సందుల సగం మాది. నా డాక్యుమెంట్ల ఉన్నది."

"నా డాక్యుమెంట్ల మొత్తం నాదని ఉన్నది."

"అయితే కోర్టుకు పోండి," అన్నాడు. ఈ మాటలన్నీ ఫోను చూసుకుంటూనే అన్నాడు. తల ఎత్తి ఒక్కసారి నా మొహం చూసినా నాకు అంత మండేది కాదేమో.

ఆ గీత మీద గోడ లేస్తే మిగిలిన సందులో మనిషి పక్కకు తిరిగి నడవొచ్చు. డబ్బాతో మాత్రం రాలేరు. డబ్బా రాని గిర్నీని ఏం చేసుకోను? సర్వేకి అర్జీ పెట్టాను. వాళ్ళు వచ్చి కొలిచేలోపు గోడ లేపేయాలని ఆయన ఆలోచన. లేచిన గోడను పడగొట్టించడం నా తరం కాదని ఆయనకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున లేచి రోజూలాగే బకెట్టు నీళ్ళు పోసి, కొబ్బరి చీపురుతో సందు కడిగాను. గీత పోయింది. ఆయన మళ్ళీ గీయించాడు. మళ్ళీ కడిగాను. నా వాకిలి నేను రోజూ కడుక్కుంటాను, అందులో ఆయన సున్నం కొట్టుకుపోతే నేనేం చేయను? కొన్నాళ్ళకు ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏందమ్మా, సార్ గీసిన గీతలు చెడగొడుతున్నవంట," అన్నాడు కానిస్టేబుల్.

"వాకిలి కడుగుడు బంద్ చెయ్యమంటరా సార్?"

కానిస్టేబుల్ నా బకెట్టు వైపు చూశాడు, గీత వైపు చూశాడు. సర్వే అయ్యేదాకా కొట్లాడుకోవద్దని ఇద్దరికీ చెప్పి వెళ్ళిపోయాడు. పక్కింటాయన ఆగలేదు. ఈసారి నా మిర్చి మీద పడ్డాడు. మీ ఘాటుకు మా ఇంట్ల దగ్గలేక చస్తున్నం అన్నాడు. మీ కూరల్ల కారం ఎక్కడికెళ్ళి వస్తుంది సార్ అని అడిగాను. ధడాలున కిటికీ వేసుకున్నాడు.

నావాళ్ళెవరైనా నా వైపు మాట్లాడతారని చూశాను. మా బావగారు, "జెర ఇచ్చెయ్యరాదమ్మా. పక్కపక్కన ఉండెటోళ్ళం, ఎందుకు పరేషాన్," అన్నాడు. "మరి మీ గదులల్లకెళ్ళి నాకు దారిస్తరా బావగారూ?" అంటే పేపరు అడ్డం పెట్టుకున్నాడు. గిర్నీకి వచ్చే ఆడవాళ్ళూ అంతే. అందరిలో పెద్దావిడ ఒకామె ఉంది, మేమంతా ఖాలా అని పిలుస్తాం. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి మా దగ్గరే పట్టిస్తుంది. ఆమెను అడిగితే, "మాకు ఇద్దరూ కావాలె బేటీ. నన్ను నడుమల పెట్టకు," అంది. ఇన్నేళ్ళుగా వీళ్ళ ఇళ్ళల్లో రొట్టె మెత్తగా వచ్చిందంటే అది నా చేతి చలవ కాదా? ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. అయినా బండ మీంచి ఒక్క అంగుళం జరగనని నాకు నేను చెప్పుకున్నాను.

మా దగ్గర మిర్చి పట్టేది ఆదివారం మాత్రమే. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటారు కాబట్టి తెల్లారకముందే డబ్బాలు వచ్చేస్తాయి. గిర్నీకి ఒక పద్ధతి ఉంది. డబ్బా తెచ్చి వరుసలో పెడితే మనిషి నిలబడినట్టే. పెట్టి ఇంటికి పోయి వంట చేసుకోవచ్చు, పిల్లలకు స్నానాలు చేయించుకోవచ్చు. ఎవరి డబ్బాను ఎవరూ ముట్టరు. ముందుకు జరపాల్సి వచ్చినా దాని మనిషే వచ్చి జరపాలి. నూనె డబ్బాలు, స్టీలు డబ్బాలు, రంగు బకెట్లు, ఏది ఎవరిదో అందరికీ గుర్తే. నడవడానికి మా గోడ వైపు వదిలి డబ్బాలు అవతలి వైపు పెట్టడం మొదటి నుంచీ అలవాటు. అంటే ఆయన తనదన్న సగంలోనే అవి ఉంటాయి.

అలాంటి ఒక ఆదివారం పొద్దున మేస్త్రీ, ఇద్దరు కూలీలు గడ్డపారలతో వచ్చారు. ముందురోజు సాయంత్రం మళ్ళీ గీయించిన సున్నపు గీత మీద సందు మొదటి నుంచి చివరిదాకా మిర్చి డబ్బాలు.

"అక్కా, జెర డబ్బాలు తీపియ్యరాదు," అన్నాడు మేస్త్రీ.

"నాయి కాదు మేస్త్రీ. ఎవలయి వాళ్ళే తియ్యాలె. నేను సుత ముట్ట."

అతనిదీ మా గల్లీ పక్క బస్తీయే, అతనికి తెలియని పద్ధతి కాదు. గడ్డపార గోడకు ఆనించి, కూలీలతో పాటు మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. నేను లోపలికి వెళ్ళి మిషను నడుపుతున్నాను. కాసేపటికి బయట రేకు డబ్బా పడ్డ చప్పుడైంది. వచ్చి చూస్తే పక్కింటాయన బనియను మీదే వచ్చి, డబ్బాలు ఒక్కొక్కటీ లాగి రోడ్డు మీద కుప్ప వేస్తున్నాడు. ఒకదాని మూత ఊడి మిరపకాయలు మట్టిలో పడ్డాయి.

నా చేతిలో పానా ఉంది. దాన్ని లోపల పెట్టి వచ్చాను. పెట్టకపోతే ఏమయ్యేదో నాకే తెలియదు.

"సార్, నాతోని కొట్లాడిన్రు, కొట్లాడిన. ఇప్పుడు ఎవలతోని పెట్టుకున్నరో మీకు తెల్వది," అన్నాను. తర్వాత వెళ్ళి మోటారు ఆపేశాను.

ఆదివారం పొద్దున మా మోటారు చప్పుడు ఆగితే కరెంటు పోయిందా, బెల్టు తెగిందా అని ఆడవాళ్ళు చూడటానికి వస్తారు. అలాగే వచ్చారు, ఒక్కొక్కరే. ముందు ఖాలా వచ్చింది. రోడ్డు మీద కుప్పలో తన డబ్బా చూసుకుని, "ఎవరు ముట్టిన్రు?" అని అడిగింది. నేను చెప్పాల్సిన పని లేకుండా పక్కింటాయన చేతిలో ఇంకా ఒక డబ్బా ఉంది.

"పొద్దుగాల చాయ్ సుత తాగకుండ వచ్చి పెట్టిన నంబరు ఇది. నువ్వెట్ల తీస్తవ్ సాబ్?" అంది ఖాలా.

"ఇది నా జాగ అమ్మా. నా జాగల..."

"జాగ ఎవరిదైతే మాకేంది, నంబరు మాది," అని వెనక నుంచి ఒకామె అంది. మిరపకాయలు పడిపోయిన ఆమె అవి ఏరుకుంటూ తిట్టడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళూ అందుకున్నారు. ఎండలో ఆరబెట్టి, తొడిమలు తీసి, ఇంటిల్లిపాదీ ఏడాది తినాల్సిన కారాన్ని రోడ్డు మీద పడేస్తారా అని ఆయన్ను ఊపిరాడనివ్వలేదు. నా భూమి కోసం నోరు విప్పని వాళ్ళు తమ నంబరు కోసం విప్పారు. నేనేం చిన్నబుచ్చుకోలేదు. గుమ్మంలో నిలబడి హాయిగా విన్నాను.

అంతలో ఆయన భార్య బయటికి వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా కుప్ప దగ్గరికి పోయి తన స్టీలు డబ్బా వెతికి తీసుకుంది. ఆమె కూడా తెల్లారుజామునే పెట్టి వెళ్ళింది మరి.

"ఖాలా, మీ వెనక నాదే గదా నంబరు?" అని అడిగింది.

"అవును బేటీ."

ఖాలా డబ్బా సందులో గీత మీద పెట్టింది. దాని వెనక ఆమె తనది పెట్టింది.

"నువ్వు లోపలికి నడువ్," అన్నాడాయన.

"మిర్చి పట్టిచ్చినంక వస్త," అంది ఆమె, మెల్లగానే. ఎవరు ఎవరి వెనకో చెప్పుకుంటూ వాళ్ళంతా తమ డబ్బాలు మళ్ళీ వరుసలో పెట్టారు. మేస్త్రీ లేచి గడ్డపార భుజాన వేసుకున్నాడు. "పాత పునాది రాళ్ళు ఉన్నయి గద సార్, కడితే వాటి మీదనే కడ్త. గల్లీ మొత్తంతోని పంచాది మాతోని కాదు," అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను మోటారు వేశాను.

ఆయన ఇంకో ఇద్దరు మేస్త్రీలను అడిగాడని తర్వాత తెలిసింది. ఎవరూ రాలేదు. వానలు పడకముందే పాత పునాది మీదే గోడ లేచింది. ఆ తర్వాత సర్వే వాళ్ళు వచ్చి, కొలిచి, హద్దు ఆ గోడ దగ్గరేనని తేల్చి వెళ్ళారు. కారు ఇప్పుడు గల్లీలో నిలబెడుతున్నాడు. మా ఇద్దరి మధ్య మాటలు లేవు, అవి లేకపోవడం వల్ల నాకు వచ్చిన లోటూ లేదు.

మొన్న ఆయన భార్యకు జ్వరం వచ్చింది. పొద్దున్నే ఆయనే గోధుమల డబ్బా మోసుకుంటూ సందు మొదట్లో నిలబడ్డాడు. నా వైపు చూశాడు. నిజంగా నా మొహంలోకి చూడటం అదే మొదటిసారి.

"గోధుమలు పట్టియ్యాలె," అన్నాడు.

"లైన్ల పెట్టున్రి."

"ఎక్కడ?"

"అందరి వెనక."

ఒకప్పుడు తనదని గీత గీసిన బండ మీద డబ్బా పెట్టాడు. మిగతా డబ్బాల పక్కన మనుషులెవరూ లేరు. ఆయన మాత్రం తనది ఎవరైనా తీసి పారేస్తారేమోనని దాన్ని పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఇంటికి పోయి కూర్చోండి, ఎవరూ ముట్టరు అని ఒక్క మాట చెప్పొచ్చు. నేను చెప్పలేదు.