నోరు మూయించే విద్యలో పెద్దసారు

జన్యువుల నోరు మూయించడంలో అంతటివాడు లేడని పేరున్న పెద్దసారుకి, తన నోరు మూసుకోవడం మాత్రం చేతకాదు. చాటుగా అందరూ ఆయన్ని ‘మైకు’ అనేవారు. మెట్ల మీద ఆయనకన్నా ముందు ఆయన మాటలు వచ్చేవి. ప్రయోగశాలలో సెంట్రిఫ్యూజ్ యంత్రం హోరుమని తిరుగుతున్నంతసేపూ దానికి పోటీగా మాట్లాడి, అది ఆగిపోతే, “దీనికప్పుడే అలుపొచ్చిందే” అనేవారు.

ప్రయోగశాలలో అందరికన్నా చిన్నదని ‘చిన్నమ్మాయి’గా స్థిరపడిపోయిన ఆమెకు ఆ ధోరణితో తల దిమ్మెక్కిపోయేది. చెడ్డ జన్యువు పంపే కబురును ఆపే మందు ఒకటుంది. దాన్ని కణంలోకి మోసుకెళ్లే పాలిమర్ అనే గొలుసుకట్టు పదార్థాన్ని తయారుచేయడం ఆమె పని.

“పాలిమర్ చుట్టంలాంటిదమ్మా. తెచ్చింది ఇవ్వాలి, లేచి వెళ్లాలి. మా బావమరిది ఉన్నాడు చూడు...”

“సార్, కణాలు ఎండిపోతున్నాయి.”

“పాపం, వాటికీ తెలిసినట్టుంది వాడి సంగతి.”

ఆమె మొదటి పాలిమర్ అచ్చం ఆ బావమరిదిలాగే చేసింది. మందు ఇచ్చి, లోపలే తిష్ఠ వేసింది. కణాలన్నీ చచ్చాయి. ఈ పని కొనసాగించాలా, ఆపేయాలా అని తేల్చడానికి పెద్దల కమిటీ కూర్చుంది.

“మీ కణాలు చచ్చిపోయాయటగా?” అన్నారు అధ్యక్షులు.

చిన్నమ్మాయి చేతిలోని కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉండిపోయింది. పెద్దసారు లేచారు.

“దానికి మా బావమరిదిని అడగాలండీ,” అంటూ మొదలుపెట్టారు. రెండు రోజులకని వచ్చి వానాకాలమంతా ఉండిపోయిన వైనం, తన పడక్కుర్చీ వాడి సొంతమైపోయిన వైనం. “మనిషి బంగారం. కదలకపోవడమొక్కటే జబ్బు.”

అధ్యక్షులు గడియారం చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నమ్మాయికీ నవ్వొచ్చింది, నవ్వుతోపాటు గొంతూ వచ్చింది.

“రెండోసారి, కదిలేదాన్ని చేశానండీ. నీళ్లకి దాని అతుకులు విడిపోతాయి. మందు దించాక ముక్కలై బయటికి పోతుంది. ఈసారి కణాలు బతికాయి.”

పెద్దసారు సగం వాక్యంలోనే ఆపి కూర్చున్నారు. పని ఆగలేదు.

ఏళ్లు గడిచాయి. సొంత ప్రయోగశాల పెట్టుకున్నాక ఆమె ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లింది. వాళ్లావిడ తలుపు తీశారు.

“రోజంతా ఆ మాటలు ఎలా భరిస్తున్నారండీ?”

“మాటలా? ఉప్పు కావాలన్నా వేలితో చూపిస్తారమ్మా. పుట్టు బిడియస్థుడు. ప్రయోగశాలలో కొత్తపిల్లలు బెదిరిపోతున్నారు, ఎవరో ఒకరు వాగకపోతే ఎలా, అనేవారు. ఇంటికొచ్చేసరికి సొమ్మసిల్లినట్టు పడుకునేవారు.”

కిటికీ పక్కనున్న పెద్దసారు ఆమెను చూసి నవ్వి, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించారు. ఆమె కూర్చుంది. తన దగ్గర చేరిన కొత్తపిల్లలు, తన పాలిమర్లు, తన కమిటీలు, అన్నీ వరసపెట్టి చెప్పడం మొదలుపెట్టింది. చీకటి పడేదాకా ఆయన హాయిగా విన్నారు. ఊపిరి తీసుకోవడానికి ఆమె ఆగినప్పుడు మాత్రం నోరు విప్పారు.

“ఊఁ, తర్వాత?”