దంపుడు తాళం

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, ఒక మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకు మా చెరకు తోటలో తప్పిపోయాను. కోటవురట్ల దగ్గర ఉన్న ఆ తోట పొడవు రెండు వందల గజాలు, వెడల్పు యాభై గజాలు. మా ఇంటి పెరటి గుమ్మానికి అరవై గజాల దూరం. పెద్దయ్యాక నేనే టేపు పట్టి కొలిచిన సంఖ్యలివి. తిన్నగా నడిస్తే ఎటు పోయినా మూడు నాలుగు నిమిషాల్లో గట్టు తగలవలసిన చోటు. కానీ ఎదిగిన చెరకు గాలికి పడిపోకుండా పక్కపక్క వరసల ఆకులు కలిపి పేని కట్టేవారు. దాంతో వరసల మధ్య దారులు మూసుకుపోయేవి. తొమ్మిదడుగుల చెరకు కింద తిన్నగా నడవడమన్నది లేదు.

మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. ధాన్యం దంచడంలో ఆవిడది పేరుమోసిన చేయి. ఒకే రోట్లో ఇద్దరు ఒకరి తరువాత ఒకరు రోకలి వేసేటప్పుడు తాళం తప్పితే రోకలి రోకలికి తగిలి వేళ్ళు నలుగుతాయి. ఆవిడతో దంచినవాళ్ళకెవరికీ వేళ్ళు నలగలేదు. అలా దంచుతూనే ఒకనాడు నాకొక నియమం చెప్పింది.

"ఒలే గుంటా, సెరుకులో తప్పిపోతే ఎవులు పిలిసినా పోకు. అందులో ఉన్నదానికి మీ అమ్మ గొంతొత్తాది, నా గొంతూ వొత్తాది. తాళం ఒక్కటే రాదు. నాను గానుగ పాక కాడి డ్రమ్ము కొడతాను. దంపినట్టు సమంగా ఇనబడితేనే నడు. తాళం తప్పిందా, ఉన్నకాడే కూకో."

"మరి అదీ దంపుడు నేర్చేసుకుంటేనో?" అన్నాను.

"నేర్సుకుంటే మనింట్లోనే కూలికెట్టుకుందాం. నా నడుం బతుకుతాది," అంది.

ఆ రోజు నేను తోటలోకి వెళ్ళింది ఒక కోడిపెట్ట కోసం. అది గుడ్లు ఎక్కడో దాచిందని ఇంట్లో అనుమానం. అప్పటికి రెండు రోజులుగా నాకు గొంతు నొప్పి. పెట్ట కనబడలేదు. వెనక్కి తిరిగాక వచ్చిన దారీ కనబడలేదు. కేక వేయబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆకు కదలడం లేదు. చెమట పట్టిన మెడకు చెరకు నూగు అంటుకుని మంట. అప్పుడు ఎడమవైపు నుంచి మా అమ్మ పిలిచింది. నా ముద్దుపేరు పెట్టి, అన్నానికి పిలిచినట్టే పిలిచింది. పొద్దున్న బస్సుకే నక్కపల్లి వెళ్ళిన అమ్మ అప్పుడే వచ్చేసిందనుకున్నాను. అటు అడుగులు వేశాను.

అంతలో కుడివైపు, చాలా దూరంలో, గానుగ పాక దగ్గరి ఖాళీ డీజిల్ డ్రమ్ము మోగింది. గొంతులు ఆకుల్లో చెదిరిపోతాయి. లావుపాటి మంద్రధ్వని చెదరకుండా వస్తుంది. దాని శాస్త్రం నాకు తరువాత తెలిసింది. అప్పుడు తెలిసింది మాత్రం ఒక్కటే: దెబ్బలు సమంగా ఉన్నాయి. అటు తిరిగాను.

కొంతదూరం నడిచాక డ్రమ్ము ఆగిపోయింది. అమ్మ మళ్ళీ పిలిచింది, ఈసారి దగ్గరగా. ఆ వెంటనే ఆ పిలుపు వచ్చిన వైపు నుంచే దెబ్బలు వినబడ్డాయి. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా. మళ్ళీ మూడు గబగబా, తరువాత ఏమీ లేదు. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టు. నేను కూర్చుండిపోయాను. రెండు చేతులా మట్టిని పట్టుకున్నాను. ఎంతసేపో చెప్పలేను. నా జీవితంలో కొలవని వ్యవధి అదొక్కటే. చివరికి కుడివైపు దంపుడు మళ్ళీ మొదలైంది.

బయటికి వచ్చేసరికి మా అత్త చేతిలో కొత్త కర్ర ఉంది. మొదటిది విరిగిపోయిందట.

"అమ్మ ఎప్పుడొచ్చింది?" అని గొంతు పెగల్చుకుని అడిగాను.

"మీ అమ్మ నక్కపల్లిలో ఉంటే ఇక్కడికేటి వత్తాదే?" అంటూ నవ్వబోయి ఆగింది. "ఎటుకేసి పిలిసింది?"

చూపించాను. ఆ మూల గట్టు లేని పాడుబడ్డ నేలబావి ఒకటుండేది. చెరకాకు దాని మీదికి వాలి నోరు కనబడేది కాదు. అత్త వంగింది. నా పాదాల కింది మట్టి తీసి మూడుసార్లు దిగదుడిచి ఆ వైపు విసిరింది.

మూడు వారాలకు నాకు జ్వరం వచ్చింది. మోకాళ్ళు వాచాయి. ఊళ్ళో దాన్ని జడుపు జ్వరమన్నారు. మణికట్టుకు తాయెత్తు కట్టారు. తగ్గింది. నేను చదువుకున్నాను, పాలిటెక్నిక్‌లో కొలత పరికరాల గురించి పాఠం చెప్పాను, అనకాపల్లిలో ఇల్లు కట్టుకుని రిటైరయ్యాను.

అరవై రెండో ఏట మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. పరీక్ష చేసిన డాక్టరు, గుండెలో నాలుగు చదరపు సెంటీమీటర్లుండవలసిన కవాటం ద్వారం ఒకటికి లోపు పడిపోయిందన్నాడు. "చిన్నప్పుడు గొంతు నొప్పి తరువాత కీళ్ళ వాపు, జ్వరం వచ్చాయా?" అని అడిగాడు. అన్నీ వచ్చాయన్నాను. ఆ జ్వరమే ఇన్నేళ్ళుగా కవాటాన్ని మూస్తూ వచ్చిందట. అయితే ఆ తోటలోంచి నేను ఒంటరిగా బయటికి రాలేదన్నమాట.

ఆపరేషన్‌కు ముందు చాలా పనులున్నాయి. పుచ్చిన దవడ పళ్ళు రెండు తీసేశారు. వాటిలోని క్రిములు కొత్త కవాటానికి చేరకూడదట. మూడు బంతుల గొట్టంలో ఊపిరి పీలుస్తూ ఊపిరితిత్తులకు కసరత్తు నేర్పారు. జంతు కణజాలంతో చేసిన కవాటం చప్పుడు చెయ్యదనీ, కొన్నేళ్ళకు అరుగుతుందనీ చెప్పారు. యాంత్రికమైనది మన్నుతుంది గానీ జీవితాంతం రక్తం పలచన చేసే మాత్ర వేసుకోవాలి, అది కొట్టుకుంటున్న చప్పుడూ వింటూ ఉండాలి. నేను చప్పుడు చేసేదే కోరాను.

"ఇప్పటికే నీ నోరొకటి మోగుతోంది కదే," అన్నారు మా వారు.

విశాఖపట్నంలో ఆపరేషన్ జరిగింది. నాలుగో రోజు గదిలోకి మార్చి గుండె లయ చూసే తీగలన్నీ తీసేశారు. మధ్యాహ్నం మా వారు మందులకు దిగివెళ్ళారు. బాత్‌రూమ్ తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలి నుంచి మా మేనత్త పిలిచింది. ఆవిడ పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు.

"ఒలే గుంటా, రాయే. ఎంతసేపు తొంగుంటావు?"

భయం వెయ్యలేదు. అదే ఇప్పుడు భయం వేస్తున్న సంగతి. ఎంతో హాయిగా లేచి కూర్చుని కాళ్ళు కిందికి దించాను. అప్పుడు నా ఛాతీలోని చప్పుడు విన్నాను. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా. మూడు గబగబా, తరువాత ఏమీ లేదు.

కాళ్ళు పైకి తీసుకున్నాను. దుప్పటిని రెండు చేతులా పట్టుకుని, గంట నొక్కాను.

"ఏటైనాదమ్మా?" అంటూ నర్సు వచ్చింది.

"తాళం తప్పింది."

"తాళమా? తాళంకప్పేటీ లేదమ్మా ఇక్కడ," అని నవ్వుతూనే నాడి పట్టుకుంది. నవ్వు ఆపేసి పరుగెత్తింది.

గుండె లయ చెదిరిందనీ, ఇలాంటి ఆపరేషన్ల తరువాత కొందరికి ఇది వస్తుందనీ, మందుతో సరిచేశామనీ తరువాత చెప్పారు. రక్తం పలచనయ్యే మాత్ర మీద ఉన్నదాన్ని, ఒంటరిగా నడిచి ఆ రాతి గచ్చు మీద పడి ఉంటే తలలో రక్తస్రావమయ్యేదన్నారు. ఆ గొంతు సంగతి అడిగితే, పెద్ద వయసువాళ్ళకు మత్తు వల్ల అలా వినబడుతుందన్నారు. ఒప్పుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు ఏ మత్తూ ఎవరూ ఇవ్వలేదని మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు ఇంటి వసారాలో రోజూ కాస్త కాస్త దూరం పెంచుతూ నడుస్తున్నాను. ఎవరైనా పిలిస్తే వెంటనే పలకను. ముందు లోపలి దంపుడు వింటాను. సమంగా ఉంటేనే లేస్తాను. మా వాళ్ళు చెవుడొచ్చిందనుకుంటున్నారు. అనుకోనిస్తున్నాను.

పోయినవాటి లెక్క ఇది: దవడ పళ్ళు రెండు. బరువు ఏడు కిలోలు. పుట్టుకతో వచ్చిన కవాటం ఒకటి. నిశ్శబ్దం, పూర్తిగా. మా అత్త అంతకుముందే పోయింది.