ఆడి నెలలో అడ్రసు

పర్చూరు దగ్గర మా ఊరి జిన్నింగ్ మిల్లులో చాలా ఏళ్ళు పత్తి చూసే పని చేశాను. గుప్పెడు దూది తీసి వేళ్ళతో మెల్లగా లాగితే పింజ పొడవెంతో, నూలుకి పనికొస్తుందో లేదో చెప్పేస్తాను. ఆ వేళ్ళ పుణ్యమా అని నలభై ఏళ్ళ వయసులో కోయంబత్తూరు దగ్గర ఒక నూలు మిల్లు వాళ్ళు ల్యాబులో ఉద్యోగం ఇస్తామన్నారు. నెల జీతం, పీఎఫ్, మెడలో ఐడీ కార్డు. ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్ళి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా ఆయన స్కూలు వ్యాను నడుపుతారు. "నువ్వు ముందు వెళ్ళి కుదురుకో, నేను సామానుతో వెనక వస్తా" అన్నారు.

అడ్డం పడింది మా అత్తయ్య.

"ఆషాఢంలో గడప దాటి కొత్తింట్లో పాలు పొంగిస్తావా? శ్రావణం రానియ్యి. మంచి రోజు చూసి నేనే వచ్చి దింపుతా."

ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంటావంటా లేరు. మిల్లు వాళ్ళని బతిమాలితే గడువిచ్చారు గానీ, మెలిక పెట్టారు. శ్రావణంలో వచ్చే మొదటి సోమవారం నాటికి అక్కడి అడ్రసుకి రుజువు పట్టుకుని చేరాలి. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

సరే, ఆ ఆషాఢమంతా కాగితాల మీద పడ్డాను. మా ఆయన చేసిపెడతానన్నా వినలేదు. ఉద్యోగం నాది, తిరుగుడూ నాదే. గ్యాసు బండ స్కూటీ ముందు పెట్టుకుని ఏజెన్సీకి వెళ్ళి, బండా రెగ్యులేటరూ అప్పజెప్పి, బదిలీ కాగితం తీసుకున్నాను. స్కూటీ రిజిస్ట్రేషన్ ఒంగోలుది. పక్క రాష్ట్రానికి తీసుకెళ్ళాలంటే ఎన్‌ఓసీ కావాలని ఎర్రటి ఎండలో అక్కడికీ పోయాను. సచివాలయంలో రేషన్ కార్డు నుంచి పేరు తీసేయమంటే ఆ అమ్మాయి కంగారుపడింది.

"ఒకసారి తీస్తే మళ్ళీ ఎక్కించడం కష్టమండి. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానమ్మా, తీసెయ్" అన్నాను, చాక్లెట్లు పంచుతున్నంత హుషారుగా. తీసేసిన ప్రతి చోటా కొంచెం తేలికైనట్టుండేది. జిరాక్సులన్నీ పసుపు ఫైలులో పెట్టి, పడుకునేటప్పుడు తలగడ పక్కన ఉంచుకునేదాన్ని. "మన పెళ్ళికి కూడా నువ్వింత సంబరపడలేదు" అని మా ఆయన ఏడిపించారు. నిజమే, పడలేదు.

శ్రావణం వచ్చింది. అత్తయ్య పంచాంగం చూపించి శుక్రవారం ఖాయం చేసింది. చీరాలలో రైలెక్కి అత్తయ్యా నేనూ కోయంబత్తూరులో దిగాం. చేతిలో కొత్త పాలగిన్నె, చిన్న పొయ్యి, పసుపు ఫైలు. ఇల్లు ఫోనులోనే మాట్లాడుకున్నాం. మేడ మీద వాటా మాకు, కింద ఇంటావిడ ఉంటుంది. వాళ్ళ పెద్దలు ఎప్పుడో మనవైపు నుంచి వెళ్ళినవాళ్ళేనట, తెలుగే మాట్లాడుతుంది. పాలగిన్నె చూడగానే ఆవిడ మొహం మారిపోయింది.

"తప్పుగా అనుకోవద్దండమ్మా. ఇది ఆడి నెల. ఆడిలో కొత్త సంసారాన్ని ఇంట్లో దించను. అద్దె అగ్రిమెంటు కూడా ఆడి పోయి ఆవణి నెల పుట్టినాకే."

"ఆషాఢం వెళ్ళిపోయిందిగా, శ్రావణం వచ్చేసింది" అంది అత్తయ్య.

"మీకు వచ్చింది. మాకు ఆడి పోయేదానికి ఇంకా రెండు వారాలుంది."

వాళ్ళు నెలలు సూర్యుణ్ణి బట్టి లెక్కపెడతారట. మన ఆషాఢం అయిపోతే లోకమంతా అయిపోయినట్టేనని మేము బయల్దేరి వచ్చేశాం. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ ఒక నెల ఆగింది చాలక ఇక్కడ ఇంకొకటి. ఆ అగ్రిమెంటు లేకపోతే అడ్రసు లేదు, అడ్రసు లేకపోతే సోమవారం ఉద్యోగం లేదు. ఫైలు నిండా వదిలేసి వచ్చిన కాగితాలే, చేరినట్టు చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

"చూశారా అత్తయ్యా? అప్పుడే రానిచ్చుంటే ఈపాటికి చేరిపోయేదాన్ని" అని గేటు దగ్గరే అనేశాను. ఏడుపొచ్చింది.

అత్తయ్య మెట్ల మీద కూర్చుని, ఇంటావిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని తీరిగ్గా అడిగింది.

"వదినగారూ, మీలోనూ ఈ నెలలో కొత్త కోడలు పుట్టింటికి పోతుందా?"

"పోతుంది. మా కోడలూ మొన్ననే పోయింది."

"అయితే మా కోడలికి ఈ నెల మీదే పుట్టిల్లు అనుకోండి. నేనే తీసుకొచ్చి దింపాను. నెల గడిచేదాకా కింద మీ దగ్గరే మీ ఆడపిల్లలా పడుంటుంది, పై వాటాలో అడుగు పెట్టదు. మీ ఆడికీ లోటు రాదు, మా పిల్ల ఉద్యోగమూ పోదు."

ఇంటావిడ నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఈమె కొత్త కోడలా?"

"ఉద్యోగానికి కొత్తేగా వదినగారూ."

ఆవిడ పకపకా నవ్వింది. లోపలికి వెళ్ళి కాఫీ కలుపుతూనే, మరి ఉద్యోగానికి ఏం కాగితం కావాలని అడిగింది. నేను అప్పటికే మిల్లుకి ఫోను చేస్తున్నాను. నేను ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు ఆవిడ సంతకంతో ఒక కాగితం, దానికి ఆవిడ కరెంటు బిల్లు జిరాక్సు, ప్రస్తుతానికి చాలన్నారు. ఆవిడ అరవంలో రాసి సంతకం పెట్టింది. అందులో నా పేరు ఎక్కడుందో నాకు తెలియలేదు గానీ, ఆ కాగితం చూసి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అత్తయ్య ఆ పాలగిన్నె పక్కన పెట్టించి, రాత్రి రైలుకి వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున్నే మెడలో కార్డు పడింది.

ఆవణి రాగానే మా ఆయన సామానుతో దిగారు. పాలు పొంగించాం. అగ్రిమెంటు నా పేరున రాయించాను, గ్యాసు తెచ్చుకున్నాను, ఆధార్ కూడా మార్చుకున్నాను. మా ఆయనకి ఒక స్కూల్లో వ్యాను పని దొరికింది గానీ, వాళ్ళూ ఇక్కడి అడ్రసే అడిగారు. ఆయన పేరు మీద ఇక్కడ ఒక్క కాగితం లేదు. ఆన్‌లైన్‌లో వెతికితే, ఇంట్లో ఒకరిని కుటుంబ పెద్దగా చూపించి వాళ్ళ అడ్రసుకి ఆధార్ మార్చుకోవచ్చని తెలిసింది. ఆయన నా ఆధార్ నంబరు కొట్టి అప్లై చేశారు. ఒప్పుకుంటారా, లేదా అని నా ఫోనులోకి వచ్చింది.

పెళ్ళైనప్పటి నుంచీ నా ప్రతి కాగితంలోనూ ఆయన ఇల్లే నా అడ్రసు. ఇప్పుడు ఆయన నా అడ్రసుకి వస్తానంటున్నారు. గర్వంగా ఉంది, ఎందుకు దాచాలి?

"నొక్కవేం?" అన్నారు ఆయన.

"వంకాయలు తరిగిపెట్టండి, తర్వాత చూస్తాను."

ఆయన నిజంగానే వెళ్ళి కత్తిపీట ముందు కూర్చున్నారు. రెండో కాయ తెగేలోపే నేను ఆగలేక నొక్కేశాను.