పుర్రచేతి మేకులు

మా పెద్దమ్మది ఎడమచేతివాటం. బట్టలు కుట్టే మనిషి కాబట్టి ఆవిడ కత్తెర కూడా ఆ చేతికి తగినదే. ఇంకెవరు పట్టుకున్నా గుడ్డ నలుగుతుందే కానీ తెగదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మామగారు ఆవిడకి ‘పుర్రచేతి కోడలు’ అని పేరు పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అదే పేరు చెప్పి నవ్వేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. అయినా ఆ పేరు గుర్తొస్తే పెద్దమ్మకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాకూ మండుతుంది.

పెదనాన్న పడవలు చేసేవాడు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి ఒక పడవ చేశారు. ఆయన బయటినుంచి పలకల్లోకి రాగి మేకులు దిగ్గొట్టి, వాటి తలలకి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకునేవాడు. ఈవిడ లోపల గొంతుక్కూర్చుని, పొడుచుకొచ్చిన మొనల్ని సుత్తితో వంచి చెక్కలోకి అణగ్గొట్టేది. తొలి కాన్పుకి ఆసుపత్రిలో చేరి, బిడ్డతో ఇంటికొచ్చేసరికి పడవ లేదు. ఎవరికో అమ్మేశాడు. సగం పని చేసిన మనిషిని ఒక్క మాట అడగాలని తోచలేదు మహానుభావుడికి! పెద్దమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. తర్వాత మాటలు కలిసినా, ఆ పడవ ఊసు మాత్రం ఇంట్లో ఎత్తనివ్వలేదు.

చివరి రోజుల్లో ఆయన రేవు దగ్గర షెడ్డులో ఏదో పాత పడవ పెట్టుకుని గీకుతూ, చెక్కుతూ ఉండేవాడు. ఏమిటది అని అడిగితే “మా నాన్నది” అనేవాడు. మామగారి పడవ అనేసరికి పెద్దమ్మ అటు తొంగి కూడా చూడలేదు. ఉన్నట్టుండి ఆయన గుండె ఆగిపోయింది. షెడ్డు తాళంచెవి ఈవిడ చేతికొచ్చింది.

దాని వెనకే మరిదీ వచ్చాడు.

“అది నాన్న పడవ వదినా. అన్నయ్య లేడు కాబట్టి ఇక నాది. కలప అడితివాడితో మాట్లాడేశాను, కోసి పట్టుకుపోతాడు. నీకెందుకా తలనొప్పి?”

“మీ అన్నయ్య చెయ్యి పెట్టిన ఆఖరి పని అది. అదేం పడవో నా కళ్లతో చూడకుండా రంపం తగలనివ్వను,” అంది పెద్దమ్మ.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆ అడితి నడిపే ఆయన అప్పటికే మరిదితో కలిసి షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. తాళంచెవి పెద్దమ్మ చేతిలో ఉంటే, “తలుపు తియ్యమని చెప్పండి” అని మరిదితో అన్నాడు. అక్కడ ఆవిడ నిలబడి ఉన్నట్టే లేదు ఆయన లెక్కలో! ఏం, ఆడమనిషితో మాట్లాడితే నోరు అరుగుతుందా?

లోపల రంపప్పొట్టు వాసన. పడవ మీద సగం గీకిన ఆకుపచ్చ రంగు. మరిది ముందు భాగంలో ఉన్న ఇనుప కడియం పట్టుకుని ఊపాడు.

“ఇదిగో! ఇది నాన్న కడియం. నాకు బాగా గుర్తు.”

“బొత్తాం చూసి చొక్కా ఎవరిదో చెప్తావా? ఒకదాని కడియం తీసి ఇంకోదానికి పెట్టరా?” అంది పెద్దమ్మ.

మరిది వినిపించుకోలేదు. పక్కన కొత్తగా వేసిన పలక చూపించి నవ్వాడు. దాని లోపలివైపు మేకుల మొనలన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. “చూశావా మీ ఆయన పనితనం! మేకులు కొట్టి, వంచకుండా వదిలేశాడు. చెయ్యి తగిలితే చీరుకుపోతుంది.”

పోయిన అన్న మీద వేళాకోళం! నాకు నోటిదాకా వచ్చింది కానీ పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది.

ఈలోగా అడితి ఆయన చెక్క మందం చూడాలని పడవ అడుగున పరిచిన బల్లలు ఊడబెరికాడు. పెద్దమ్మ వంగి చూసింది. మేకుల మొనల్ని వేలితో తడిమింది. తర్వాత మూలనున్న చెక్కముక్కలో ఒక మేకు దిగ్గొట్టి, తిరగేసి, సుత్తి మరిది చేతిలో పెట్టింది.

“మొన వంచు.”

“ఇదెక్కడి గొడవ వదినా?”

“వంచమంటున్నానా!”

కుడిచేత్తో కొట్టాడు. మొన ఎడమవైపుకి వాలింది.

“ఇప్పుడు అడుగున చూడు.”

మేమంతా చూశాం. పాత మేకుల మొనలు వరసలు వరసలుగా కుడివైపుకి పడుకుని ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి ఎడమకి లేదు.

“నాన్న ఎడమచేత్తో కొట్టాడేమో,” అని నసిగాడు మరిది.

“మీ నాన్నా? నా చెయ్యి చూసి బతికినన్నాళ్లూ నవ్విన మనిషి! ఆ చేత్తో చెవైనా గోక్కున్నాడా ఎప్పుడైనా? ఇవి నా మేకులు. ఇది నా పడవ!”

అడితి ఆయన రంపం సంచిలో పెట్టేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ “వస్తానమ్మా” అని పెద్దమ్మతోనే చెప్పాడు.

ఆవిడ కోపం మాత్రం దిగలేదు. పోయిన పెదనాన్న ఎదురుగా నిలబడి ఉన్నట్టే కేకలేసింది. “నాన్నదన్నావు! ఎక్కడ వెతికావో, ఎవరి కాళ్లు పట్టుకుని తెచ్చావో, నాకొక్క మాట చెప్పావా? అమ్మినప్పుడూ చెప్పలేదు, తెచ్చినప్పుడూ చెప్పలేదు!”

అంతలో ఆవిడ చూపు కొత్త పలక మీద పడింది. రేవు నిండా పనివాళ్లే. ఎవరిని పిలిచినా ఆ మొనలు వంచి పోయేవారు. పెదనాన్న ఎవరినీ పిలవలేదు. ఒక్క మొనా వంచనివ్వలేదు.

“అంత బతిమాలించుకునేదాన్నా నేను? పిలిచి చూశావా అసలు?” అంది పెద్దమ్మ.

కొంగు బిగించి పడవలోకి దిగి గొంతుక్కూర్చుంది. ఎడమచేత్తో సుత్తి అందుకుంది.

“ఏమయ్యా, నిన్నే! బయటికెళ్లి ఆ ఇనుప దిమ్మ మేకు తలకి ఆనించి పట్టుకో.”

మరిది వెళ్లి పట్టుకున్నాడు. మొదటి దెబ్బకి పలక అదిరింది.

“గట్టిగా పట్టు. మీ అన్నయ్య పడితే ఇలా కదిలేది కాదు.”